పాఠం 17: విడిదిలో సులభమైన వంట

17.1 ఉపోద్ఘాతం

కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్లినప్పుడు తోటలో మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించడం మీరు చూసే ఉంటారు. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు వెళ్లే కుటుంబాలు చాలావరకు డేరాలు వేసుకొని, రెండు మూడు రోజులు అక్కడే వండుకొని తింటాయి. అరకు కొండల్లోనో, హిమాలయాల్లోనో గుడారాలు వేసుకొనే యువతీయువకులు చేసేదీ ఇదే పని. మీలో కొందరు యాత్రికుల బస్సులతోపాటు వంటవారిగా వెళ్తూ ఉండవచ్చు. అటువంటివారికి ఈ పాఠం జీవనోపాధికి కూడా పనికివస్తుంది.

ఇంట్లో వంట చేసేటప్పుడు “ఈ రోజు ఏం తిందాం?” అని మొదట ఆలోచిస్తాం. విడిదిలో మొదటి ప్రశ్న అది కాదు. నీరు ఎంత ఉంది? ఇంధనం ఎంత ఉంది? చీకటి పడడానికి ఎంత సేపు ఉంది? ఈ మూడింటికీ జవాబు తెలిసిన తరవాతే ఏం వండాలో నిర్ణయించుకోవాలి. మంచి వంటవారు కూడా విడిదిలో ఇబ్బంది పడేది ఇక్కడే. ఇంట్లో చేసే అన్నం, పప్పు, కూర, చారు, వేపుడు అన్నీ అక్కడా చేయబోతారు. సగం వంట కాకముందే గ్యాసు అయిపోతుంది.

16వ పాఠంలో ఆహారపదార్థాలను నిల్వచేసే పద్ధతులను గురించి చదివారు. ఆ విషయాలు ఇక్కడ మళ్లీ అవసరమవుతాయి.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:
– విడిదికి కావలసిన ఇంధనాన్ని, నీటిని లెక్క వేయడం;
– ఇంటి దగ్గరే సగం తయారుచేసుకోదగిన పదార్థాలను ఎంచుకోవడం;
– తక్కువ మంటతో నాలుగైదు వంటకాలు చేయడం;
– ఎత్తైన ప్రదేశాల్లో పప్పు ఎందుకు ఉడకదో వివరించడం;
– మిగిలిన అన్నంవల్ల, మూసిన గుడారంలోని నిప్పువల్ల కలిగే ప్రమాదాలను నివారించడం.

17.2 నీళ్లు మరగడానికి ఎంత ఇంధనం కావాలి?

ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి ఒక కిలోకేలరీ వేడి కావాలి. 25 డిగ్రీల దగ్గర ఉన్న లీటరు నీటిని 100 డిగ్రీలకు తేవడానికి 75 కిలోకేలరీలు సరిపోతాయి. ఆ తరవాత జరిగేదాన్ని గమనించండి. మరుగుతున్న ఆ లీటరు నీరు పూర్తిగా ఆవిరి కావడానికి మరో 540 కిలోకేలరీలు కావాలి. అంటే మరిగించడానికి పట్టినదానికి ఏడు రెట్లు!

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. మొదటిది, మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. ఎక్కువైన మంట నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అన్నం త్వరగా ఉడకదు, గ్యాసు మాత్రం త్వరగా అయిపోతుంది. రెండోది, మూత లేని గిన్నె నుంచి పొగలు పొగలుగా పోయేది మీరు డబ్బు పెట్టి కొన్న ఇంధనమే. “పొంగుతుందేమో” అని మూత తీసి వండే అలవాటు చాలామందికి ఉంది. మంట తగ్గిస్తే పొంగదు. మూత తీయనవసరం లేదు.

ఇక గ్యాసు లెక్క చూద్దాం. ఒక కిలో వంటగ్యాసు మండితే సుమారు 11,000 కిలోకేలరీల వేడి వస్తుంది. ఆరుబయట, చిన్న పొయ్యిమీద, అందులో సగంకన్నా తక్కువే గిన్నెకు చేరుతుంది. అందుచేత లీటరు నీరు మరగడానికి 15 నుంచి 20 గ్రాముల గ్యాసు పడుతుందని లెక్క వేసుకోవచ్చు. గాలి వీస్తే ఇంకా చాలా ఎక్కువ పడుతుంది.

ట్రెక్కింగు సామాన్ల దుకాణాల్లో 230 గ్రాముల గ్యాసు డబ్బాలు దొరుకుతాయి. ఐదుగురు రెండు రోజులు ఉంటారనుకోండి. పొద్దున ఉప్మాకు 1.6 లీటర్ల నీరు, టీకి 0.7 లీటరు, రాత్రి పులగానికి 2 లీటర్లు – మొత్తం 4.3 లీటర్లు. లీటరుకు 18 గ్రాముల చొప్పున సుమారు 77 గ్రాములు. పులగం సన్నని సెగమీద ఉడకడానికి మరో 20 గ్రాములు కలపండి. రోజుకు దాదాపు 100 గ్రాములు, రెండు రోజులకు 200 గ్రాములు అవుతుంది. ఒక డబ్బా బొటాబొటిగా సరిపోతుంది. గాలి ఉంటే సరిపోదు కాబట్టి రెండు డబ్బాలు తీసుకెళ్లాలి.

ఈ లెక్కలో తాగేనీరు లేదని గమనించారా? తాగడానికి, వండడానికి కలిపి మనిషికి రోజుకు తక్కువలో తక్కువ 5 లీటర్ల నీరు కావాలి. ఐదుగురికి 25 లీటర్లు. ఆ నీటినంతా మరిగించాలంటే ఒక్కరోజుకే 450 గ్రాముల గ్యాసు పడుతుంది. అందువల్ల తాగేనీటిని ఇంటినుంచి తెచ్చుకోవడమో, వడపోసి క్లోరిన్ బిళ్లలు వేసి శుద్ధి చేసుకోవడమో మేలు. నీరు మడ్డిగా ఉంటే ముందుగా మడతపెట్టిన నూలుగుడ్డలో వడకట్టాలి. బిళ్ల వేశాక కనీసం అరగంట ఆగాలి. ఒక బిళ్ల ఎన్ని లీటర్లకు సరిపోతుందో అట్టమీద రాసి ఉంటుంది, చదివి వాడండి. మరిగించేటట్లయితే తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు. 2,000 మీటర్లకన్నా ఎత్తున మూడు నిమిషాలు ఉంచాలి.

పాఠంలోని ప్రశ్నలు 17.1
1. మరుగుతున్న గిన్నె కింద మంట పెంచితే అన్నం త్వరగా ఎందుకు ఉడకదు?
2. ముగ్గురు మనుషులు ఒక రోజుకు 3 లీటర్ల నీటిని మరిగిస్తే సుమారు ఎంత గ్యాసు కావాలి?

17.3 వంట ఇంటి దగ్గరే మొదలవుతుంది

విడిదిలో ఎక్కువ ఇంధనం, ఎక్కువ నీరు, ఎక్కువ సమయం తినేసే పనులు కొన్ని ఉన్నాయి. తరగడం, వేయించడం, రుబ్బడం, గిన్నెలు కడగడం అటువంటివి. వీటిలో మొదటి మూడింటిని ఇంటి దగ్గరే ముగించుకోవచ్చు. అప్పుడు విడిదిలో మిగిలేది వేడినీళ్లు పోయడమే.

ఇది కొత్త ఆలోచన కాదు. బీహారు కూలీలు దూరప్రాంతాలకు పనికి వెళ్లేటప్పుడు సత్తు మూటకట్టుకొని వెళ్తారు. సత్తు అంటే వేయించిన శనగల పిండి. నీటిలో కలిపి ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ చేర్చుకుంటే భోజనమైపోతుంది, పొయ్యి అక్కరలేదు. బతుకమ్మ పండుగకు తెలంగాణలో చేసే సత్తుపిండి కూడా ఈ కోవలోదే. లడఖ్‌లోనూ, నేపాల్ ఉత్తరభాగంలోనూ కొండజాతులవారు బార్లీని వేయించి పిండి చేసి నిల్వ ఉంచుకుంటారు. దాన్ని త్సాంపా అంటారు. వేడి వెన్నటీలో కలిపి ముద్దచేసి తింటారు. కట్టెలు దొరకడమే కష్టమైన చోట, నీరు 100 డిగ్రీలకు చేరకముందే మరిగిపోయే చోట, ధాన్యాన్ని ఉడకబెట్టడంకన్నా ముందే వేయించి పెట్టుకోవడం తెలివైన పని. చదువుకున్న పర్వతారోహకులు పొట్లాల్లో కొనుక్కొనే ఆహారం వెనక ఉన్న సూత్రం కూడా ఇదే. మన ఇళ్లలో ఇంతకన్నా చవకగా చేసుకోవచ్చు.

ఉప్మా మిశ్రమం (ఐదుగురికి ఒక పూట)

బొంబాయి రవ్వ అరకిలో, నూనె నాలుగు పెద్ద చెంచాలు, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు చెంచా చొప్పున, ఎండుమిరపకాయలు నాలుగు, కరివేపాకు రెండు రెమ్మలు, ఉప్పు రెండు చిన్న చెంచాలు తీసుకోండి. ఇంటి దగ్గర మూకుడులో నూనె కాచి తాలింపు వేయండి. కరివేపాకు కరకరలాడేదాకా వేగాలి. అందులో తడి మిగిలితే మిశ్రమం పాడవుతుంది. తరవాత రవ్వ వేసి సన్నని సెగమీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించి, ఉప్పు కలిపి దించండి. పూర్తిగా చల్లారాక తడిలేని డబ్బాలో గట్టిగా మూతపెట్టండి. వేడిమీద మూతపెడితే లోపల చెమ్మ చేరుతుంది. ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి ఇందులో వేయకూడదు. కావాలంటే విడిదిలో తరిగి నీటిలో వేసుకోవచ్చు.

విడిదిలో గ్లాసు మిశ్రమానికి రెండున్నర గ్లాసుల నీరు మరిగించి, మిశ్రమాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. రెండు నిమిషాల తరవాత పొయ్యి ఆర్పి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచండి. మిగిలిన ఉడుకు తనంతట అదే పూర్తవుతుంది.

అటుకులు

విడిదిలో మొదటి పూటకు అటుకులంత సుఖమైనవి లేవు. మనుషులు నడిచి అలసిపోయి వస్తారు, గుడారం ఇంకా వేయలేదు, పిల్లలకు ఆకలి. దళసరి అటుకులను ఒకసారి కడిగి నీరు వార్చి, ఉప్పు, నిమ్మరసం, వేయించిన పల్లీలు, పుట్నాలపప్పు కలిపితే చాలు. పిల్లలకు బెల్లం, కొబ్బరి కలిపి పెట్టవచ్చు. మంట అక్కరలేదు. అయితే మంటమీద పెట్టని వంటకానికి వాడే ప్రతి చుక్క నీరూ తాగేనీరంత శుభ్రంగా ఉండాలి. వాగునీటిలో అటుకులు కడగడమంటే వాగునీరు తాగడమే.

17.4 గడ్డిపెట్టె: మంట లేకుండా ఉడికించడం

గిన్నెను మంటమీద ఉంచడంలో ఉద్దేశం ఏమిటి? లోపలి పదార్థాన్ని కొంతసేపు వేడిగా ఉంచడమే. ఆ వేడి బయటికి పోకుండా కాపాడగలిగితే మంట అంతసేపు అవసరం లేదు. ఎండుగడ్డి, కంబళి, పాత బొంత, దూది మొదలైనవాటి మధ్య గాలి చిక్కుకొని ఉంటుంది. గాలి మంచి ఉష్ణవాహకం కాదు. అందుచేత వాటిలో చుట్టిన గిన్నె చాలాసేపు వేడిగా ఉంటుంది. గుడారంలో ఉండేవారి దగ్గర కంబళ్లు ఎలాగూ ఉంటాయి.

పులగం చేసి చూద్దాం. ఐదుగురికి బియ్యం మూడు గ్లాసులు, పొట్టుతీసిన పెసరపప్పు ఒక గ్లాసు. కడిగి అరగంట నానబెట్టండి. నానితే ఉడికే సమయం బాగా తగ్గుతుంది. నానడానికి ఇంధనం అక్కరలేదు. పది గ్లాసుల నీరు మరిగించి బియ్యం, పప్పు, ఉప్పు, మిరియాలు, జీలకర్ర వేసి, మూతపెట్టి, సన్నని సెగమీద పది నిమిషాలు ఉడకనివ్వండి. మూత తీయకుండానే దించి, మసి అంటకుండా ఒక పాతగుడ్డ చుట్టి, దానిపైన కంబళి రెండు మూడు మడతలు చుట్టి, కింద ఎండుగడ్డి పరిచి పెట్టండి. ముప్పావు గంట నుంచి గంటవరకు కదిలించకండి. ఈలోపు పడకలు సర్దుకోవచ్చు. తీసేసరికి మెత్తని పులగం సిద్ధంగా ఉంటుంది. పొయ్యిమీదే పూర్తిగా ఉడికించినదానితో పోలిస్తే మాడదు కూడా. మాడకపోతే గిన్నె కడగడానికి నీరు తక్కువ పడుతుంది. విడిదిలో ఇది చిన్న లాభం కాదు.

గంటన్నరకన్నా ఎక్కువసేపు మాత్రం అలా వదలకండి. తీసేటప్పటికి పులగం ఆవిర్లు కక్కుతూ ఉండాలి. గోరువెచ్చగా ఉంటే చుట్టడంలో లోపం ఉన్నట్లు. మళ్లీ మరిగించి వెంటనే తినాలి.

పులగానికి జోడీగా తెలంగాణలో చేసే పచ్చిపులుసును మించినది లేదు. దానికి పొయ్యి అవసరమే లేదు. నిమ్మకాయంత చింతపండును కాచి చల్లార్చిన నీటిలో నానబెట్టి పిసికి, పులుసు తీసి, నాలుగైదు గ్లాసులు చేయండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, చిటికెడు బెల్లం, కొత్తిమీర కలపండి. ఇంటినుంచి తెచ్చుకున్న వేయించిన నువ్వులపొడి ఉంటే ఇంకా బాగుంటుంది.

గడ్డిపెట్టె అన్నింటికీ పనికిరాదు. రాజ్మా గింజలలో ఒక సహజమైన విషపదార్థం ఉంటుంది. గింజలను కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో తెర్లేటట్లు మరిగిస్తేనే అది నశిస్తుంది. 80 డిగ్రీల దగ్గర మెల్లగా సగం ఉడికిన రాజ్మా పచ్చిదానికన్నా ఎక్కువ హాని చేయవచ్చు. తిన్న కొద్ది గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మా సలహా ఏమిటంటే, కుక్కరు లేని విడిదికి రాజ్మా తీసుకెళ్లవద్దు.

పాఠంలోని ప్రశ్నలు 17.2
1. ఉప్మా మిశ్రమంలో ఉల్లిపాయలు ఎందుకు వేయకూడదు?
2. కంబళిలో చుట్టిన గిన్నె త్వరగా ఎందుకు చల్లారదు?
3. పచ్చిపులుసుకు కాచి చల్లార్చిన నీరే ఎందుకు వాడాలి?

17.5 కట్టెల పొయ్యి

కట్టెలు వాడే ముందు ఒక విషయం తెలుసుకోవాలి. రిజర్వు అడవుల్లో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం 1927నాటి భారత అటవీ చట్టం ప్రకారం నేరం. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యాల్లో నిప్పు పెట్టడాన్ని నిషేధించింది. ఫిబ్రవరి నుంచి ఎండాకులు రాలే రోజుల్లో నల్లమలలోగాని, పాపికొండల్లోగాని ఒక్క నిప్పురవ్వ చాలు. కనుక విడిదిచేసే చోట పొయ్యి పెట్టుకోవచ్చునా అని అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకోండి. కాదంటే ఆ పూట అటుకులే భోజనం.

అనుమతి ఉన్న చోట పెళ్లిళ్లలో తవ్వే గాడిపొయ్యిని చిన్నదిగా చేసుకోండి. జానెడు వెడల్పు, జానెడు లోతు, మూరెడు పొడవు ఉంటే చాలు. గాలి వచ్చే దిక్కుకు ఒక కొస ఉండాలి. చుట్టూ రెండు మూడు గజాలమేర ఎండాకులు ఊడ్చేయాలి. గిన్నె అడుగున బయటివైపు తడి బూడిదగాని, బంకమట్టిగాని పూస్తే మసి దానికే అంటుతుంది. ఒక్క కడుగుకే పోతుంది. మన నాయనమ్మలు రోజూ చేసిన పనే ఇది.

పెద్దమంట ఆరి నిప్పులు మిగిలినప్పుడు వాటిని వృథా చేయకండి. చిలగడదుంపలను కడిగి, తొక్కతోనే వేడి బూడిదలో కప్పండి. దుంప పరిమాణాన్నిబట్టి అరగంట నుంచి ముప్పావు గంటలో ఉడుకుతాయి. పుల్ల గుచ్చితే అడ్డులేకుండా దిగాలి. గిన్నె లేదు, నూనె లేదు, కడిగే పని లేదు.

అరకు, మారేడుమిల్లి ప్రాంతాల్లో బొంగులో చికెన్ వండడం మీరు చూసి ఉండవచ్చు. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పులమీద తిప్పుతూ కాలుస్తారు. వెదురులోని తడే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. చాలా రుచిగా ఉంటుంది. కానీ బొంగు లోపల ఎంత ఉడికిందో బయటికి కనిపించదు. ఆ విద్య ఆ ప్రాంతపు ఆదివాసులకు అలవాటు. మొదటిసారి ప్రయత్నించేవారు సగం పచ్చిమాంసం తినే ప్రమాదం ఉంది. దాన్ని వారి దగ్గర కొనుక్కొని తినడమే మంచిదని మా అభిప్రాయం. మీరే మాంసం వండదలిస్తే కొన్న రోజే, చిన్న ముక్కలుగా కోసి, గిన్నెలో, లోపల ఎర్రదనం పోయేవరకు ఉడికించండి.

వెళ్లేముందు నిప్పులమీద నీరు పోసి, కర్రతో కలియదిప్పి, మళ్లీ నీరు పోయండి. అరచేతి వెనకభాగాన్ని దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. మట్టి కప్పితే సరిపోతుందని అనుకోకండి. మట్టి కింద నిప్పు గంటలకొద్దీ బతికే ఉంటుంది.

17.6 ఎత్తు పెరిగితే

సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న కాకినాడలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, నీరు ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. దాదాపు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుందని గుర్తుంచుకోండి. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో 97 డిగ్రీలకు మరుగుతుంది. అక్కడ తేడా పెద్దగా తెలియదు. 3,500 మీటర్లు దాటిన కేదార్‌నాథ్‌లో 88 డిగ్రీలకే మరుగుతుంది. నీరు బుడబుడమంటూనే ఉంటుంది, కందిపప్పు మాత్రం రాయిలాగే ఉంటుంది. తెలుగు యాత్రికులు అక్కడ “పప్పు మంచిది కాదు” అని దుకాణదారుడిని నిందించడం కద్దు. తప్పు పప్పుది కాదు.

కుక్కరులో ఆవిరి బయటికి పోదు కనుక పీడనం, దానితో ఉష్ణోగ్రతా పెరుగుతాయి. కొండలమీద పప్పు వండాలంటే కుక్కరు ఉండాలి. లేకపోతే ఉప్మా, అటుకులు, సత్తు వంటివే నమ్ముకోవాలి. గడ్డిపెట్టె కూడా అక్కడ అంతగా పనిచేయదు. 88 డిగ్రీలతో మొదలైన గిన్నె బయటి చలికి త్వరగా చల్లబడుతుంది.

గ్యాసు విషయంలో ఇంకో చిక్కు ఉంది. చవకరకం డబ్బాల్లో ఎక్కువగా బ్యూటేన్ ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర అది వాయువుగా మారదు. డబ్బా నిండుగా ఉన్నా పొయ్యి వెలగదు. అందుకని రాత్రి డబ్బాను దుప్పట్లో పెట్టుకొని పడుకుంటారు. మంటదగ్గర పెట్టి వేడిచేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

17.7 మిగిలిన అన్నం

ఇంట్లో మిగిలిన అన్నం గురించి ఎవరూ భయపడరు. విడిదిలో భయపడాలి. బియ్యంలో సహజంగా ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు మరిగినా చావవు. వండిన అన్నం పెద్ద తపేలాలో, మూతపెట్టి, గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని విడుదల చేస్తాయి. ఆ అన్నాన్ని మళ్లీ వేడిచేస్తే సూక్ష్మజీవులు చస్తాయిగాని ఆ విషం పోదు. వాసనలోనూ, రుచిలోనూ తేడా తెలియకపోవచ్చు. దగ్గరలో ఆసుపత్రి లేని చోట నలుగురికి ఒకేసారి వాంతులు మొదలైతే ఏమవుతుందో ఊహించండి. ముఖ్యంగా చిన్నపిల్లలకు.

వండిన ఆహారం 60 డిగ్రీలకన్నా వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీలకన్నా చల్లగా ఉండాలి. ఈ రెండింటి మధ్య రెండు గంటలకన్నా ఎక్కువసేపు ఉంచకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. ఫ్రిజ్ లేని విడిదిలో దీని అర్థం ఒకటే: తినగలిగినంతే వండండి. రెండోసారి వండడానికి గ్యాసు ఖర్చవుతుందని రాత్రి అన్నాన్ని పొద్దునకు దాచవద్దు.

“మరి పులిహోర రోజంతా నిలుస్తుంది కదా?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పులిహోరకు అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోస్తాం. అందువల్ల అది త్వరగా చల్లారుతుంది. తరవాత చింతపండు గుజ్జు ప్రతి మెతుకుకూ పట్టిస్తాం. అంత పులుపులో ఆ సూక్ష్మజీవులు పెరగలేవు. బయలుదేరే రోజు పొద్దున కలిపిన పులిహోరను ఆ మధ్యాహ్నం దారిలో తినడానికి అభ్యంతరం లేదు. పులుపు తక్కువ వేసి, వేడివేడిగా డబ్బాలో కుక్కితే ఈ రక్షణ ఉండదు. చద్దన్నంలోనూ పులియడంవల్ల పులుపు పుడుతుంది. కానీ నీరు ఎటువంటిదో తెలియని చోట రాత్రంతా అన్నం నానబెట్టడం క్షేమం కాదు.

17.8 గుడారంలో నిప్పు వద్దు

చలి, వాన వచ్చినప్పుడు పొయ్యిని గుడారంలోకి తేవాలనిపిస్తుంది. వంట అయిపోయాక నిప్పుల కుంపటి లోపల పెట్టుకొని పడుకోవాలనిపిస్తుంది. ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. గాలి చాలని చోట ఇంధనం మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు, వికారం కలుగుతాయి. నిద్రలో ఉన్నవారికి ఇవీ తెలియవు. 2020 జనవరిలో నేపాల్‌లోని డామన్ అనే కొండప్రాంతానికి కేరళనుంచి వెళ్లిన పర్యాటకుల్లో పిల్లలతో సహా 8 మంది ఒకే గదిలో, గ్యాసు హీటరు వెలుగుతుండగా నిద్రపోయి మరణించారు. అది గట్టి గోడల గది. గుడారం గుడ్డదే అయినా తలుపు మూసి, అంచులు బిగిస్తే గాలి రాకపోకలు అలాగే తగ్గిపోతాయి. ఎవరికైనా తలనొప్పి, మత్తు అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి తేవాలి.

వాన వస్తే గుడారం బయట టార్పాలిన్ పట్టాను పైకప్పుగా కట్టి, నాలుగు వైపులా తెరిచి ఉంచి, దాని కింద వండుకోండి. డబ్బామీద నేరుగా బిగించే పొయ్యి చుట్టూ రేకు అడ్డుపెడితే డబ్బా వేడెక్కి పేలవచ్చు. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డు ఉండాలి. అటువంటి పొయ్యిమీద డబ్బాను కప్పేసేటంత వెడల్పు గిన్నె కూడా పెట్టకూడదు.

రైలులో గ్యాసు తీసుకెళ్లడం నేరం. 2023 ఆగస్టు 26న తమిళనాడులోని మదురై స్టేషను దగ్గర నిలిపి ఉన్న యాత్రికుల బోగీలో, దొంగచాటుగా తెచ్చిన సిలిండరువల్ల మంటలు లేచి 9 మంది మరణించారు. పొద్దున్నే టీ పెట్టుకోబోయారు. రైలులో వెళ్లేవారు గ్యాసు దిగిన ఊళ్లో కొనుక్కోవాలి. దొరకకపోతే అటుకులు, సత్తు, పచ్చిపులుసు ఉండనే ఉన్నాయి.

కృత్యం

మీ ఇంట్లో ఒకే గ్లాసు బియ్యాన్ని రెండు రోజులు వండండి. మొదటిరోజు పూర్తిగా పొయ్యిమీద, రెండోరోజు కొంతసేపు పొయ్యిమీద, మిగతాసేపు కంబళిలో. రెండుసార్లూ బియ్యాన్ని ఒకేలా నానబెట్టండి. మంట వెలిగిన నిమిషాలను రాసుకోండి. అన్నం ఎలా ఉందో ఇంట్లో పెద్దవారిని అడిగి అదీ రాయండి.

పాఠాంత ప్రశ్నలు

1. ఆరుగురు సభ్యులు మూడు రోజులు అరకులో విడిది చేస్తారు. వారికి కావలసిన నీటిని, గ్యాసును లెక్కవేసి పట్టిక తయారుచేయండి.
2. మీ ప్రాంతంలో ప్రయాణాలకు కట్టుకొని వెళ్లే వంటకం ఒకటి ఎన్నుకోండి. అది ఎందుకు నిలుస్తుందో కారణాలు రాయండి.
3. త్సాంపా, సత్తు, ఉప్మా మిశ్రమం – ఈ మూడింటిలో ఉన్న పోలిక ఏమిటి?
4. మీ బృందంలో ఒకరు రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున వేడిచేసి పెడతానన్నారు. మీరు వారికి ఏమని చెప్తారు?

పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

17.1
1. మరగడం మొదలయ్యాక నీటి ఉష్ణోగ్రత పెరగదు. ఎక్కువైన వేడి నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది.
2. 45 నుంచి 60 గ్రాములు. గాలి ఉంటే ఇంకా ఎక్కువ.

17.2
1. వాటిలోని తడివల్ల మిశ్రమం త్వరగా పాడవుతుంది.
2. కంబళిలో చిక్కుకొన్న గాలి వేడిని త్వరగా బయటికి పోనివ్వదు.
3. పచ్చిపులుసును మంటమీద పెట్టం కాబట్టి నీటిలోని సూక్ష్మజీవులు నశించవు.